కోతుల మీద పరిశోధన: అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

నేను శాస్త్రవేత్తను కాదు. రెండు సీజన్లు ఒక బానెట్ కోతుల గుంపు వెనక ఫీల్డ్ అసిస్టెంటుగా తిరిగాను. పొద్దున అవి నిద్ర లేవకముందే చెట్టు కిందికి చేరడం, చీకటి పడి అవి మళ్ళీ చెట్టెక్కాక గదికి రావడం. అంతే ఉద్యోగం. అప్పటినుంచి పెళ్ళిలో కలిసినా, బస్సులో కలిసినా జనం నన్ను కోతుల గురించే అడుగుతున్నారు. ఎక్కువసార్లు విన్న ప్రశ్నలివి.

కోతుల మీద రీసెర్చా? ఇంటి మీద రోజూ దూకేవాటి గురించి కొత్తగా తెలుసుకునేదేముంది?

మా అమ్మ కూడా సరిగ్గా ఇదే అడిగింది. "మన పెంకులు పగలగొట్టేవాటిని చూడ్డానికి ఊరొదిలి పోవాలట్రా?" అంది.

ఇంటి మీద దూకిన కోతి మనకు ఉత్త కోతి. అది ఎవరి కూతురు, నిన్న రాత్రి ఏ చెట్టు మీద పడుకుంది, మొన్న దాన్ని కరిచిందెవరు, ఆ గొడవలో దాని పక్షాన నిలబడిందెవరు అన్నది మనకు తెలియదు. ఈ పరిశోధన మొదలయ్యేదే అక్కడ. కోతి ఇరవై, పాతికేళ్ళు బతుకుతుంది. ఒక తల్లి పెంపకం దాని మనవరాలి దాకా ఎలా పాకిందో చూడాలంటే మనిషి ఉద్యోగ జీవితమంతా సరిపోదు. అందుకే పేరున్న పరిశోధనలన్నీ ఏళ్ళ తరబడి నడిచేవే. జపాన్‌లో కోషిమా దీవి కోతుల్ని 1948 నుంచి చూస్తున్నారు. టాంజానియాలోని గోంబేలో జేన్ గుడాల్ 1960 జులైలో చింపాంజీల దగ్గరికి వెళ్ళారు. ఆమె 2025 అక్టోబరులో కన్నుమూశారు, అక్కడ పని మాత్రం ఆగలేదు. కెన్యాలోని అంబోసెలిలో బబూన్లనే పెద్ద కోతుల లెక్కలు 1971 నుంచి రాస్తున్నారు. అక్కడ ఇప్పుడు తిరుగుతున్న పిల్లల ముత్తవ్వల పేర్లు కూడా పుస్తకాల్లో ఉన్నాయి. మనలో ఎంతమందికి ముత్తవ్వ పేరు తెలుసు?

ప్రైమేట్లంటే కోతులేనా?

కోతులు, కొండముచ్చులు, చింపాంజీ గొరిల్లాల్లాంటి తోకలేని వానరాలు, లీమర్లు, లోరిస్‌లు, వాటితోపాటు మీరూ నేనూ. తెలుగు రాష్ట్రాల్లో మనిషిని పక్కన పెడితే మనకు దొరికేవి బానెట్ కోతి, రీసస్ కోతి, కొండముచ్చు, దేవాంగపిల్లి. చివరిది పేరుకే పిల్లి, నిజానికి లోరిస్. దాని సంగతి ఆఖర్న చెప్తాను.

మా ఊళ్ళో ఉన్నది ఏ కోతో ఎలా తెలుసుకోవాలి?

ముందు తోక చూడండి. ఒంటంత పొడుగ్గానో, ఇంకా పొడుగ్గానో వేలాడుతుంటే బానెట్. ఒంటి పొడవులో సగం కూడా లేకుండా పొట్టిగా ఉంటే రీసస్. తర్వాత నెత్తి. బానెట్‌కు నడినెత్తి నుంచి వెంట్రుకలు చుట్టూ పరుచుకుని, ఎవరో పాపిడి తీసి టోపీ పెట్టినట్టుంటాయి. రీసస్‌కు ఆ టోపీ ఉండదు, నడుము కింద వెనక భాగం నారింజ రంగులో ఉంటుంది, పెద్దవాటి మొహం ఎర్రగా ఉంటుంది.

ఇది ఊసుపోక చెప్పే తేడా కాదు. బానెట్ కోతి దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. ఒకప్పుడు పడమర తపతి, తూర్పున గోదావరి ఈ రెండు జాతులకూ సరిహద్దులాగా ఉండేవి. ఇప్పుడు రీసస్ గోదావరి దాటి కిందికి దిగుతోంది, అది దిగినచోట బానెట్ తగ్గుతోంది. ఈ విషయం మీద 2011లో మన దేశపు పరిశోధకులే గట్టి హెచ్చరిక రాశారు. మైసూరు చుట్టుపక్కల రోడ్ల వెంట లెక్కపెడితే పాతికేళ్ళలో బానెట్ కోతులు 65 శాతానికి పైగా తగ్గాయని 2017లో తేలింది. అక్కడ వాటిని దెబ్బకొట్టింది రీసస్ కాదు. రోడ్లు వెడల్పు చేస్తూ పక్కనున్న మర్రి, రావి చెట్లు కొట్టేశారు. ఇంటి మీద దూకే జంతువు అంతరించే దారిలో ఉందంటే ఎవరూ నమ్మరు. నేనూ మొదట్లో నమ్మలేదు.

రోజంతా అడవిలో ఏం చేస్తారు? ఊరికే చూస్తూ కూర్చుంటారా?

ఊరికే చూస్తే పెద్ద చిక్కొకటి ఉంది. కొట్లాట జరిగితే అందరి కళ్ళూ అటే పోతాయి. ఒక మూల కూర్చుని ఆకు నములుతున్న ఆడకోతిని ఎవరూ చూడరు. సాయంత్రం పుస్తకం తెరిస్తే ఆ రోజంతా కోతులు కొట్టుకున్నట్టే ఉంటుంది. అంబోసెలి పరిశోధన మొదలుపెట్టిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఈ చిక్కుకు మందు రాశారు. ముందే చీటీ తీసినట్టు ఒక జంతువును ఎంచుకోవాలి. ఇంత సమయమని పెట్టుకుని, ఆ సమయమంతా దాన్నే చూడాలి, పక్కన ఏం జరిగినా సరే. ఈ రంగంలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ ఇప్పటికీ మొదట నేర్చుకునేది అదే.

మా లెక్క పదిహేను నిమిషాలు. ఒక రోజు నా వంతుకు వచ్చిన ఆడకోతి పేరు నామాలు. నుదుటి మీద రెండు తెల్లటి మచ్చలుండేవి, అందుకా పేరు. 9:10కి మేడిచెట్టు మీద కూర్చుని కాయలు తింటోంది. ఒక్కో కాయనూ వాసన చూసి, కొన్నింటిని పారేసి, కొన్నింటిని బుగ్గ సంచిలో దాచుకుంటోంది. 9:14కి పిల్లది వచ్చి పాలకు ఎగబడింది. నామాలు దాని నెత్తి మీద చెయ్యి వేసి పక్కకు నెట్టింది. పిల్లది కీచుమంది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ నెట్టింది. నాలుగోసారి ఊరుకుంది. 9:19కి కింద రెండు మగకోతులు కొట్టుకోవడం మొదలుపెట్టాయి, గుంపు గుంపంతా అరుస్తోంది. నాకు అటు చూడాలని ప్రాణం పీకుతోంది. కానీ నా పేజీలో రాయాల్సింది నామాలు సంగతి. అదేమో కాయ నమలడం ఒక్క క్షణం ఆపి, కిందికోసారి చూసి, మళ్ళీ నమలడం మొదలుపెట్టింది. 9:22కి కొమ్మల వెనక్కి పోయింది. 9:25 దాకా 'కనిపించడం లేదు' అనే రాశాను. కనిపించలేదు కదా అని ఆ మూడు నిమిషాలు వదిలేస్తే లెక్క తప్పుతుంది. రాసేది పెన్సిల్‌తోనే, వానొస్తే పెన్ను ఇంకు కారిపోతుంది.

ఇలాంటి పేజీలు వందలు పోగయితే తప్ప 'ఈ గుంపు రోజులో ఇంతసేపు తింటుంది, ఇంతసేపు నడుస్తుంది' అని ఒక్క వాక్యం రాయడానికి ఉండదు.

ఇక నెలకోసారి చెట్ల లెక్క. నంబరు బిళ్ళలు కొట్టిన మర్రి, రావి, మేడి, నేరేడు, రేగు చెట్ల కింద మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ, లేత ఆకు ఎంత, పూత ఎంత, పండు ఎంత అని మార్కులు వేయాలి. ఎవరికీ నచ్చని పని. కానీ ఏ నెలలో అడవిలో తిండి లేదో అది చూస్తేనే తెలుస్తుంది. కోతి చేలోకి ఎందుకు దిగిందన్న ప్రశ్నకు సగం జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.

అన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఎలా గుర్తుపడతారు?

మొదటి వారం నాకూ ఒకేలా కనిపించాయి. మూడో వారానికి చిరిగిన చెవి, వంకర వేలు, కోసుకుపోయిన పెదవి, నడక తీరు, ఒక్కొక్కటీ తెలియడం మొదలైంది. రెండో నెలలో వెనకనుంచి చూసి పేరు చెప్పేవాణ్ణి. కొత్త బడికి వచ్చిన టీచరుకు పిల్లలు తెలిసినట్టే తెలుస్తాయి. మా గుంపులో 'చెవితెగ్గాడు', 'పెద్దమ్మ', 'కుంటి శీను' అని ఉండేవాళ్ళు. చూశారా, 'ఉండేవి' అనాలి. ఈ అలవాటు పోదు.

పేర్లు పెట్టడం మీద ఒకప్పుడు పెద్ద రభసే జరిగింది. జేన్ గుడాల్ తన చింపాంజీలకు డేవిడ్ గ్రేబియర్డ్, ఫ్లో అని పేర్లు పెడితే, నంబర్లు వేయాలి గానీ ఇదేం శాస్త్రమని కేంబ్రిడ్జిలో తప్పుబట్టారు. ఆ డేవిడ్ గ్రేబియర్డే 1960లో పుల్ల పెట్టి చెదల పుట్టలోంచి చెదలు తీసుకుని తింటూ ఆమె కంటపడ్డాడు. పనిముట్టు వాడేది మనిషొక్కడే అన్న మాట ఆ పుల్లతో పోయింది. జపాన్‌లో కింజి ఇమనిషి బృందం అంతకు పన్నెండేళ్ళ ముందే కోతుల్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, వాటి వంశాలు రాసుకోవడం మొదలుపెట్టింది. నన్నడిగితే ఈ రంగంలో మిగతావన్నీ ఆ ఒక్క పని మీదే నిలబడ్డాయి. ఎవరు ఎవరో తెలియకపోతే ఎవరు ఎవరికి ఏమవుతారో ఎలా తెలుస్తుంది?

పేలు చూసుకునేది నిజంగా పేల కోసమేనా?

కొంత అందుకే. పేలు, పిడుదులు, చుండు అన్నీ ఏరుకుంటాయి. మన ఊళ్ళల్లో మధ్యాహ్నం గడప మీద కూర్చుని ఒకరి తల ఒకరు చూసుకునే ఆడవాళ్ళను గుర్తు తెచ్చుకోండి. అక్కడ పేలు ఎన్ని దొరికేవో గానీ ఊరి విషయాలన్నీ అక్కడే తేలేవి. కోతుల్లోనూ అంతే. ఎవరు ఎవరి తల చూస్తున్నారో రాసుకుంటే గుంపు లోపలి స్నేహాలన్నీ కాగితం మీదికి వస్తాయి. అంబోసెలిలో 16 ఏళ్ళ లెక్కలు తీసి 2003లో ఒక సంగతి చెప్పారు. మిగతా వాటితో బాగా కలిసిమెలిసి ఉండే ఆడ బబూన్ల పిల్లలు మొదటి ఏడాది గట్టెక్కే అవకాశం ఎక్కువ. తల్లి హోదాతో సంబంధం లేకుండా.

గుంపుకు నాయకుడు పెద్ద మగకోతేనా?

సినిమాల్లో అలాగే చూపిస్తారు. పెద్ద మగది అందర్నీ తరుముతుంది, మంచి తిండి ముందు తను తింటుంది, నిజమే. కానీ మకాక్ కోతుల్లో (బానెట్, రీసస్ రెండూ ఈ కుటుంబానివే) మగది చుట్టం లాంటిది. పెద్దయ్యాక పుట్టిన గుంపు వదిలి వేరే గుంపుకు పోతుంది. ఆడవి పుట్టినచోటే ఉండిపోతాయి. గుంపును తరతరాలుగా నిలబెట్టేది అమ్మమ్మ, అమ్మ, కూతుళ్ళ వరసే. ఒకరకంగా ఇల్లరికపు అల్లుళ్ళ ఊరు అనుకోండి.

ఈ వరసలో ఒక తమాషా ఉంది. 1958లో కవమురా అనే జపాన్ పరిశోధకుడు బయటపెట్టాడు. కూతురి హోదా తల్లి వెంటనే ఉంటుంది. అక్కచెల్లెళ్ళలో మాత్రం చిన్నదానిదే పైచెయ్యి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. గొడవ వస్తే తల్లి ఎప్పుడూ చిన్నదాని వైపే పోతుంది. అలా పోయి పోయి అక్క తలవంచడం నేర్చుకుంటుంది. ఇంట్లో పెద్దపిల్లగా పుట్టిన నా స్నేహితురాలికి ఇది చెప్తే "దీనికి రీసెర్చ్ కావాలా?" అంది.

పెద్ద మగదాని బతుకూ అంత సుఖంగా ఏమీ ఉండదు. అంబోసెలిలో 125 మగ బబూన్ల పేడను తొమ్మిదేళ్ళపాటు పోగుచేసి, అందులోని టెన్షన్ హార్మోన్లు కొలిచారు. నంబర్ వన్ స్థానంలో ఉన్న మగవాటిలో ఆ హార్మోను రెండో స్థానంలోని వాటికంటే చాలా ఎక్కువని 2011లో తేలింది. కుర్చీ నిలబెట్టుకోవడం, ఆడవాటి చుట్టూ కాపలా కాయడం, తిండి మానుకోవడం. రెండో స్థానమే హాయి. పేడ ఎందుకంటే, జంతువును పట్టుకుని సూది గుచ్చితే ఆ భయానికే హార్మోను పెరిగిపోతుంది. పేడ అయితే అది వెళ్ళిపోయాక తీసుకోవచ్చు. గుంపు వెనక చిన్న సీసాలు పట్టుకుని తిరిగేవాళ్ళను చూసి నవ్వకండి.

ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయా?

నేర్చుకుంటాయి. కోషిమాలో 1953లో ఇమో అనే ఏడాదిన్నర ఆడ కోతిపిల్ల మట్టి అంటిన చిలగడదుంపను తీసుకెళ్ళి నీళ్ళలో కడిగి తింది. ముందు దాని తోటిపిల్లలు, తర్వాత తల్లి నేర్చుకున్నాయి. కొన్నేళ్ళకు గుంపులో చాలా భాగం కడుక్కుని తినడమే. వాగు నీళ్ళు వదిలి సముద్రపు నీళ్ళకు మారాయి, ఉప్పు రుచి నచ్చి కావచ్చు. పెద్ద మగకోతులు మాత్రం చాలావరకు నేర్చుకోలేదు. పెద్దరికం ఎక్కడైనా పెద్దరికమే మరి.

ఈ కథకు వాట్సాప్‌లో తోకొకటి తిరుగుతుంటుంది. నూరో కోతి నేర్చుకోగానే పక్క దీవుల్లో కోతులకు కూడా ఆ విద్య గాల్లోంచి వచ్చేసిందని. పచ్చి అబద్ధం. కోషిమా పుస్తకాల్లో ఏ కోతి ఎప్పుడు నేర్చుకుందో రాసి ఉంది, అందులో అద్భుతమేమీ లేదు. నూరు కోతులు కావాలంటే ఆ గుంపులో అప్పటికి అన్ని ఉండాలి కదా, అవే లేవు.

మగ కొండముచ్చు పిల్లల్ని చంపేస్తుందట, నిజమేనా?

నిజం. అది మొదట శాస్త్రవేత్తల కంటపడింది మన పక్కనే, ధార్వాడ దగ్గర. 1960ల మొదట్లో సుగియామా అనే జపాన్ పరిశోధకుడు అక్కడ కొండముచ్చుల్ని చూస్తుండగా, బయటినుంచి వచ్చిన మగది గుంపులోని మగదాన్ని తరిమేసి, చంటిపిల్లల్ని కరిచి చంపింది. చాలామంది ఒప్పుకోలేదు. కొండముచ్చులు కిక్కిరిసిన చోట పిచ్చిపట్టి చేసిన పని అన్నారు. 1970ల్లో మౌంట్ ఆబూ కొండముచ్చుల వెంట తిరిగిన సారా హర్డీ అది పిచ్చి కాదు, లెక్క అంది. చంటిపిల్ల పాలు తాగినంత కాలం తల్లి మళ్ళీ కట్టదు. కొత్త మగదానికి గుంపు చేతిలో ఉండేది కొద్ది కాలం. పిల్ల పోతే తల్లి త్వరగా ఎదకొస్తుంది, పుట్టేది తన పిల్ల అవుతుంది.

ఇరవై ఏళ్ళకు పైగా ఈ గొడవ నడిచింది. 1999లో నేపాల్‌లోని రామ్‌నగర్ కొండముచ్చుల డీఎన్ఏ పరీక్షిస్తే, దాడి చేసిన మగవి ఆ పిల్లల తండ్రులు కావని తేలింది. హర్డీ మాటకు బలం వచ్చింది. తల్లులు చేతులు ముడుచుకుని కూర్చోవు. కలిసి ఎదురుతిరుగుతాయి, పిల్లతో గుంపు వదిలిపోతాయి, కడుపుతో ఉండి కూడా కొత్త మగదాన్ని దగ్గరికి రానిచ్చి దాన్ని అయోమయంలో పెడతాయి. చూడ్డానికి మాత్రం గుండె కావాలి. మా గుంపు కొండముచ్చులు కానందుకు నేను చాలాసార్లు సంతోషించాను.

ఇవన్నీ సరే, ఊళ్ళ మీదికి ఎందుకు వచ్చాయి?

అడవి కొట్టేశాం కాబట్టి అని అందరూ అనే మాట. అందులో నిజముంది గానీ అదొక్కటే అయితే అడవి ఉన్నచోట ఊళ్ళోకి రాకూడదు కదా, అక్కడా వస్తున్నాయి.

కోతి వైపు నుంచి చూడండి. అడవిలో కడుపు నిండాలంటే పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆకు, పురుగు, చిన్న చిన్న పళ్ళు వెతుక్కోవాలి. మక్క చేలో ఒక్క కంకి పీకితే పది నిమిషాల్లో అంత తిండి. పల్లికాయలో నూనె, కంకిలో పిండి, పీచు తక్కువ. బుగ్గల్లో సంచులు కూడా ఉన్నాయాయె. చేలోకి దూరి, రెండు బుగ్గలూ కుక్కుకుని, రైతు వచ్చేలోపు చెట్టెక్కి తీరిగ్గా నములుకోవచ్చు. మిగిలిన సమయం నిద్రకి, పేలకి. బాగా తిన్న తల్లి త్వరగా మళ్ళీ ఈనుతుంది, పిల్లలు బతుకుతాయి. ఇది కోతి బుద్ధి కాదు, తెలివైన బేరం.

దానికి తోడు ఊళ్ళు మారాయి. ఒకప్పుడు మంచె మీద వడిసెల పట్టుకుని పిల్లో, ముసలో ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. ఇప్పుడు పిల్లలు బడికి పోతున్నారు, పోవాలి కూడా. పొలంలో మనిషి లేడు. హరితహారం రోజుల్లో తెలంగాణ ఊళ్ళల్లో 'వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె' అని గోడల మీద రాశారు. చెట్లు పెట్టడం మంచిదే. కానీ పల్లికాయ రుచి మరిగిన కోతి నేరేడు చెట్టు చూసి వాపస్ పోదు. కూరగాయలూ పల్లీ వదిలేసి పత్తి వేసుకున్న రైతులు నాకు తెలుసు. మా మేనమామ వాళ్ళలో ఒకడు. ఆయన ముందు నేను కోతుల తెలివిని మెచ్చుకోను.

పట్టుకెళ్ళి దూరంగా అడవిలో వదిలేస్తే పోలేదా?

దాదాపు అందరూ అడిగేది ఇదే, జవాబు ఎవరికీ నచ్చదు. వదిలిన అడవిలో అప్పటికే వేరే గుంపులుంటాయి. వాటికి ఇంకొకరి చోటివ్వాల్సిన పనేముంది? వచ్చినవాటికి ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో తెలియదు. తెలిసిందల్లా ఊరే. కాబట్టి దగ్గర్లోని ఊళ్ళో దిగుతాయి. మీ తలనొప్పి పక్క మండలానికి పోయిందంతే. గుంపును సగం పట్టి సగం వదిలేస్తే ఇంకా కష్టం, పైవరసలో ఉన్నవి పోయి మిగిలినవి కొట్టుకుంటాయి. రీసస్ కోతి ఇంత దక్షిణానికి దిగిందంటే, ఇలా పట్టి తెచ్చి వదిలేయడానికి అందులో భాగముందని పరిశోధకులు అంటారు.

ఎప్పుడూ కుదరదని కాదు. కెన్యాలో షర్లీ స్ట్రమ్ 1984లో పంటల మీద పడుతున్న బబూన్ గుంపుల్ని మొత్తంగా పట్టి లైకిపియా అనే ప్రాంతానికి తరలించింది, అవి అక్కడ నిలదొక్కుకున్నాయి. కానీ ఆమెకు అందులో ప్రతి బబూనూ తెలుసు. పన్నెండేళ్ళుగా వాటి వెంట తిరిగిన మనిషి. రాత్రికి రాత్రి లారీలో నింపి ఘాట్ రోడ్డు మీద దించడానికీ దానికీ పోలిక లేదు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల సంగతీ అడుగుతారు. హిమాచల్ ప్రదేశ్‌లో 2007 నుంచి లక్షకు పైగా కోతులకు చేశారు. తెలంగాణ కూడా 2020లో నిర్మల్ దగ్గర కేంద్రం తెరిచింది. పని చేయదని కాదు, ఆలస్యంగా పని చేస్తుంది. ఆపరేషన్ అయిన కోతి కూడా ఇంకో పదేళ్ళు మక్క కంకి తింటుంది. చాలా పెద్ద వంతు ఆడవాటికి ఏళ్ళ తరబడి చేస్తూ పోతేనే లెక్క కిందికి దిగుతుంది.

కొండముచ్చును తెచ్చి కట్టేస్తే?

1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఢిల్లీలో ఒకప్పుడు ఆఫీసుల చుట్టూ కొండముచ్చుల్ని తిప్పేవాళ్ళు. అది మానేశాక కొండముచ్చులా అరిచే మనుషుల్ని పెట్టారు. 2023లో జీ20 సమావేశాలకు కొండముచ్చు బొమ్మల కటౌట్లు కూడా నిలబెట్టారు. కోతులు కొన్నాళ్ళు జంకుతాయి. బొమ్మ కదలదని తెలుసుకోవడానికి వాటికి ఎంతోసేపు పట్టదు.

ఆంజనేయస్వామి రూపం కదా, ఒక అరటిపండు పెడితే తప్పా?

మీ భక్తిని తప్పుపట్టను. కానీ ఆ అరటిపండు కోసం కోతులు రోడ్డు మీదికి వస్తాయి, అక్కడ బండ్ల కింద పడతాయి. ఒక్కచోట తిండి పడితే పక్కపక్కనే గుమిగూడి కొట్లాడుకుంటాయి. రేపు పండు లేకుండా వచ్చిన పిల్లాడి చేతిలో సంచి లాక్కుంటాయి. బండీపూర్‌లో బానెట్ కోతులు మనుషుల వైపు తిరిగి ఒకరకమైన కూత కూస్తూ, చెయ్యి చాచి అడగడం నేర్చుకున్నాయని 2018లో బెంగళూరు పరిశోధకులు రాశారు. ఎదుటివాళ్ళు చూస్తున్నారో లేదో గమనించి మరీ అడుగుతాయట. ఆ అడుక్కోవడం నేర్పింది మనమే.

పరిశోధకులూ ఈ తప్పు చేశారు. గోంబేలో చింపాంజీలు దగ్గరికి రావాలని మొదట్లో అరటిపళ్ళు పెట్టారు. దాంతో కొట్లాటలు పెరిగాయని గుడాల్ స్వయంగా రాసి, పెట్టడం తగ్గించారు. కోషిమా చిలగడదుంప కూడా మనుషులు వేసిందే. ఈ రోజుల్లో మంచి పరిశోధకులు తిండి చూపించరు. నెలల తరబడి దూరంగా నిలబడి, కోతులు వీళ్ళను చెట్టో పుట్టో అనుకునేదాకా ఓపిక పడతారు.

కోతి కళ్ళలోకి చూడకూడదంటారు, ఎందుకు?

వాటి భాషలో అది సవాలు. నోరు తెరిచి గుడ్లురిమి చూస్తే బెదిరింపు. పళ్ళు ఇకిలిస్తే మాత్రం చాలాసార్లు భయం, లొంగుబాటు. నవ్వుతోందని ఎదురు నవ్వి పళ్ళు చూపించకండి. చూపు పక్కకు తిప్పి, పరుగెత్తకుండా మెల్లగా తప్పుకోండి.

వాటివల్ల జబ్బులొస్తాయా?

కరిస్తే, గీరితే వెంటనే సబ్బుతో బాగా కడిగి, రేబిస్ టీకా కోసం ఆస్పత్రికి పోవాల్సిందే. పసుపు అద్ది ఊరుకుంటే 'కోతి పుండు బ్రహ్మరాక్షసి' అవుతుంది.

ఇంకొకటి కర్ణాటకలోని క్యాసనూరు అడవి జ్వరం. 1957లో శివమొగ్గ జిల్లాలో బయటపడింది, అక్కడివాళ్ళు మంగన కాయిలె, అంటే కోతి జబ్బు అంటారు. నిజానికి మోసేవి పిడుదులు, కోతులు మనలాగే దానికి బలవుతాయి. అడవిలో కోతులు వరసగా చచ్చిపడి ఉన్నాయంటే పిడుదులు వాటిని వదిలి కొత్త ఒంటి కోసం చూస్తున్నట్టు. దగ్గరికి పోకుండా అటవీశాఖకు చెప్పాలి.

జబ్బులు అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటూ పోతాయి. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో చింపాంజీలు మనుషుల జలుబు వైరస్‌లతో చచ్చిపోయాయని 2008లో తేలింది. అప్పటినుంచి చాలాచోట్ల పరిశోధకులు మాస్కు లేకుండా వాటి దగ్గరికి వెళ్ళరు. నాకు తుమ్మొచ్చిన రోజు నన్నూ గదిలోనే ఉంచేశారు, జీతం కోయలేదు.

మన కోతుల్ని విదేశాలకు పంపేవాళ్ళట కదా?

పంపేవాళ్ళం, లెక్కలేనన్ని. రక్తం గ్రూపు చివర పాజిటివ్, నెగటివ్ అంటారే, ఆ ఆర్‌హెచ్ పేరు రీసస్ కోతి నుంచి వచ్చిందే. మందుల పరీక్షలకు పోయిన కోతుల్లో చాలా భాగం మనవి. 1978లో భారతదేశం ఎగుమతి ఆపేసింది.

1938లో కార్పెంటర్ అనే అమెరికన్ మన దేశం నుంచి 409 రీసస్‌ల్ని ఓడలో తీసుకెళ్ళి ప్యూర్టోరికో పక్కన కాయో శాంటియాగో అనే చిన్న దీవిలో వదిలాడు. వాటి సంతానం ఇంకా అక్కడే ఉంది. 2017 సెప్టెంబరులో మరియా తుపాను ఆ దీవిలో చెట్లలో చాలా భాగాన్ని ఊడ్చేసింది. నీడ కరువైంది. ఉన్న కాస్త నీడ కోసం కోతులు కొట్టుకు చస్తాయనుకున్నారు. రీసస్‌లంటే మామూలుగా కయ్యానికి కాలుదువ్వేవి మరి. జరిగింది వేరు. మధ్యాహ్నం ఎండలో ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని కూర్చోవడం నేర్చుకున్నాయి. అంతకుముందు ఒంటరిగా ఉన్నవి కూడా కొత్త స్నేహాలు చేసుకున్నాయి. అలా సర్దుకోగలిగినవే తర్వాతి ఏళ్ళలో ఎక్కువగా బతికాయి. తుపానుకు ముందు ఏళ్ళ తరబడి ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో రాసిపెట్టి ఉండబట్టి ఈ సంగతి తెలిసింది. అవి మన దేశపు కోతుల మనవలే అని ఎవరైనా గుర్తుచేస్తే నాకు ఎందుకో సంబరంగా ఉంటుంది.

ఈ పని చేయాలంటే ఏం చదవాలి?

జువాలజీ అయినా, వైల్డ్‌లైఫ్ అయినా, సైకాలజీ అయినా పరవాలేదు, స్టాటిస్టిక్స్ అంటే పారిపోకుండా ఉంటే చాలు. బెంగళూరులో నియాస్ అనే పరిశోధన సంస్థ, మైసూరు విశ్వవిద్యాలయం, కోయంబత్తూరులో సలీం అలీ సెంటర్, డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఈ పనికి పేరున్న చోట్లు. జన్యువుల వైపు ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లోనే సీసీఎంబీ వారి లాకోన్స్ అనే వన్యప్రాణుల పరిశోధనశాల ఉంది. అడవిలోకి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి, అది రావడానికి పట్టే కాలం కోతి గుంపు అలవాటు పడటానికి పట్టేంత ఉంటుంది. జలగల సాక్సులు మాత్రం మంచివి కొనుక్కోండి.

దేవాంగపిల్లి అన్నారు, దాన్ని చూడొచ్చా?

చూడొచ్చు, ఓపిక ఉంటే. శేషాచలం వైపు, తూర్పు కనుమల్లో ముళ్ళ పొదలున్న అడవుల్లో ఉంటుంది. అరచేతిలో పట్టేంత జంతువు, తోక లేదు, మొహం నిండా కళ్ళు. పగలంతా ముడుచుకుని పడుకుని రాత్రి పురుగుల కోసం తిరుగుతుంది. దాని కళ్ళలో, ఒంట్లో మందులూ మంత్రాలూ ఉన్నాయని చంపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అదంతా మూఢనమ్మకం. తమిళనాడు 2022లో కరూరు, దిండిగల్ జిల్లాల్లో దానికోసమే కడవూరు అభయారణ్యం పెట్టింది.

ఒంటరిగా పోకండి, అటవీశాఖ వాళ్ళతోనే పోండి. హెడ్‌లైటుకు ఎర్ర రంగు కాగితం చుట్టుకోండి, తెల్ల లైటు దాని కళ్ళను బాధపెడుతుంది. కొమ్మల మీద మెల్లగా తిప్పుతూ నడవండి. కొమ్మల మధ్య రెండు నారింజ రంగు నిప్పుకణికలు పక్కపక్కనే వెలిగితే ఆగిపోండి. కణికలు ఆరిపోతే అది అటు తిరిగిందని. కదలకండి, మళ్ళీ ఇటు తిరుగుతుంది.